నట్లు పట్టినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు

(ఒక విద్యుత్ కారు చక్రాలను మరో విద్యుత్ కారుకు బిగించడం గురించి మిషిగన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం.

అక్టోబరు నెల వచ్చిందంటే మన మిషిగన్‌లో గరాజుల్లో ఒక చర్చ మొదలవుతుంది. మంచు టైర్లు ఎప్పుడు వేయించాలి, కొత్త సెట్టు కొనాలా, తెలిసినవాళ్ళ దగ్గర పాత సెట్టు ఏదైనా దొరుకుతుందా అన్నది ఆ చర్చ. కార్ల చక్రాలు, సస్పెన్షన్ విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నవాణ్ణి కనుక ఈ నెలలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే విషయం మీద వస్తాయి. ఈమధ్య వాటిలో ఒక ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది. "మీ కారూ ఎలక్ట్రిక్ కారే, మా కారూ ఎలక్ట్రిక్ కారే, పైగా రెండూ ఒకే కంపెనీవి. దాని చక్రాలు దీనికి వేసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఎందుకు చేతకాదో మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతితో చెబుతాను.

నా దగ్గర 2019 నాటి టెస్లా మోడల్ 3 ఉండేది. దాన్ని అమ్మేసినప్పుడు చలికాలపు చక్రాల సెట్టు మాత్రం గరాజులోనే ఉండిపోయింది. పద్దెనిమిది అంగుళాల రిమ్ములు, వాటి మీద 235/45ఆర్18 మంచు టైర్లు, ఇంకా రెండు చలికాలాలు నడిచేంత రబ్బరు ఉంది. మా బావమరిది 2022 మోడల్ వై నడుపుతాడు. అతను ఒక శనివారం వచ్చి ఆ చక్రాలను తీసుకెళ్ళి తన ఇంటి ముందే బిగించుకున్నాడు. నేను ఆ వారం ఊళ్ళో లేను. ఫోన్‌లో ఎంతో ఉత్సాహంగా, "బావా, నట్లు చక్కగా పట్టేశాయి, ఇంకేం కావాలి?" అన్నాడు. నేను ఈ రోజు మాట్లాడబోయేదంతా ఆ "ఇంకేం కావాలి" అన్న ప్రశ్నకు సమాధానమే.

అన్నిటికన్నా ముందు నట్ల సంగతే చూద్దాం, ఎందుకంటే అందరూ చూసేది అదే. హబ్బు అంటే ఇరుసు చివర చక్రం వచ్చి కూర్చునే భాగం. దాని మీద స్టడ్లు, అంటే నట్లు ఎక్కే మర కడ్డీలు, ఒక వృత్తం మీద అమర్చి ఉంటాయి. ఆ వృత్తం వ్యాసాన్నే మెకానిక్కులు పీసీడీ అంటారు. మోడల్ 3కి, మోడల్ వైకి అది ఒకటే: ఐదు స్టడ్లు, 114.3 మిల్లీమీటర్లు. ఈ 114.3 అనే విచిత్రమైన అంకె వెనక ఉన్నది నాలుగున్నర అంగుళాలు, అంతే. నిస్సాన్ లీఫ్, హ్యుందాయ్ అయోనిక్ 5, కియా ఈవీ6 కూడా ఈ కొలతలోనే వచ్చాయి. కానీ 2012లో రోడ్డెక్కిన మోడల్ ఎస్ కొలత వేరు, దానిది 120 మిల్లీమీటర్లు. ఒకే కంపెనీ, ఒకే ముద్ర, చూపుకు ఒకేలా ఉండే రిమ్ములు, అయినా మోడల్ ఎస్ చక్రం మోడల్ 3 హబ్బు మీద కూర్చోదు. ఇక ఇక్కడికి దగ్గర్లోనే ఓరియన్ కర్మాగారంలో తయారైన షెవర్లే బోల్ట్ పీసీడీ 105 మిల్లీమీటర్లు. ఆ కొలత మీద వచ్చిన కార్లు చాలా తక్కువ కనుక బోల్ట్ యజమానులకు పాత చక్రాలు వెతకడం ఎప్పుడూ కష్టమే.

ఐదు స్టడ్ల హబ్బు మీద ఈ వ్యాసాన్ని స్కేలు పెట్టి సూటిగా కొలవలేం, ఎందుకంటే ఒక స్టడ్డుకు ఎదురుగా మరో స్టడ్డు ఉండదు. అందుకని పక్కపక్కనే ఉన్న రెండు స్టడ్ల మధ్య దూరం కొలుస్తాం. ఒక స్టడ్డు ఎడమ అంచు నుంచి పక్క స్టడ్డు ఎడమ అంచు వరకు వెర్నియర్ పెట్టి చూస్తే, అది సుమారు 67.2 మిల్లీమీటర్లు వస్తే పీసీడీ 114.3 అన్నట్టు, 70.5 వస్తే 120 అన్నట్టు. ఫోక్స్‌వాగన్ ఐడీ.4 లాంటి కార్ల పీసీడీ 112 కనుక అక్కడ 65.8 వస్తుంది. 65.8కీ 67.2కీ మధ్య ఉన్నది మిల్లీమీటరున్నర కూడా కాదు. ప్రమాదం ఉన్నది సరిగ్గా ఆ చిన్న తేడాలోనే. ఎంతకీ పట్టని చక్రాన్ని ఎవరూ వేసుకోరు. కొంచెం బలవంతం చేస్తే పట్టేలా కనిపించే చక్రాన్ని మాత్రం కొందరు వేసేసుకుంటారు. అప్పుడు నట్టు ఒక పక్కకు వాలి కూర్చుంటుంది, స్టడ్డు రోజూ వంగుతూ నిటారవుతూ ఉంటుంది, చివరికి ఒక రోజు విరుగుతుంది. నట్టు చేతి వేళ్ళతో నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగకపోతే రెంచ్ పట్టుకోకూడదని నేను కొత్తగా పనిలో చేరే కుర్రవాళ్ళకు మొదటి రోజే చెబుతాను.

నట్టులో కూడా తేడాలుంటాయి. టెస్లా స్టడ్డు 14 మిల్లీమీటర్ల మందం, మర మీద ఒక చుట్టుకు మరో చుట్టుకు మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం. లీఫ్ స్టడ్డు మందం 12, ఎడం 1.25. ఫోక్స్‌వాగన్ ఐడీ కార్లలో స్టడ్లే ఉండవు. బోల్టులే నేరుగా హబ్బులోకి దిగుతాయి, ఆ బోల్టు తల కింద భాగం గుండ్రంగా గోళంలా ఉంటుంది. టెస్లా నట్టు కింద భాగం శంఖువు ఆకారంలో ఉంటుంది. గోళానికి చెక్కిన గుంటలో శంఖువును బిగిస్తే రెండూ సన్నని గీత మేరకే తాకుతాయి. బిగుతు సరిపోయినట్టే చేతికి అనిపిస్తుంది, వంద మైళ్ళు తిరిగాక వదులవుతుంది.

ఇక రెండో సంగతి నడిమి రంధ్రం. మన పల్లెల్లో ఎడ్లబండి చక్రాన్ని చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఇరుసు మందానికి చక్రం నడుమ తొలిచిన రంధ్రం సరిపోకపోతే బండి ఊగుతూ నడుస్తుంది. కారులోనూ అంతే. హబ్బు మధ్యలో ఒక గుండ్రని అంచు పైకి లేచి ఉంటుంది. రిమ్ము మధ్య రంధ్రం దాని మీద బిగువుగా కూర్చున్నప్పుడే చక్రం కేంద్రంలో నిలుస్తుంది, నట్ల పని దాన్ని హబ్బుకు అదిమి పట్టడం. టెస్లా మోడల్ 3, వై, పాత మోడల్ ఎస్‌లలో ఈ కొలత 64.1 మిల్లీమీటర్లు, లీఫ్‌లో 66.1, అయోనిక్ 5లో 67.1. అయోనిక్ రిమ్మును టెస్లాకు వేస్తే స్టడ్లు కుదురుతాయి, కానీ నడుమ మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి హబ్ రింగు అనే సన్నని ఉంగరం వేయాలి. అటుదిటు చేస్తే, అంటే టెస్లా రిమ్మును అయోనిక్‌కు వేయబోతే, రంధ్రమే చిన్నది కనుక అసలు ఎక్కదు. దాన్ని లేతు మీద పెద్దది చేయిస్తామనే వాళ్ళు కూడా నాకు తారసపడ్డారు. రిమ్ము నడుమ లోహాన్ని తొలిచేసే ఆ పని దయచేసి చేయించకండి.

కొన్నేళ్ళ క్రితం నాకే ఒక అనుభవం ఎదురైంది. ఒక టైర్ల షాపులో నా కారుకు మరో కారు రిమ్ములు వేయించాను. రింగులు వేయమని చెప్పాను, వేశామన్నారు. హైవే మీద అరవై మైళ్ళ వేగం దాటగానే స్టీరింగు చేతుల్లో సన్నగా వణకడం మొదలుపెట్టింది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు. చివరికి ఇంటి దగ్గర నేనే ముందు ఎడమ చక్రం విప్పి చూస్తే రింగు లేదు, పైగా హబ్బు ముఖం మీద తుప్పు పొర పెచ్చులుగా ఉంది. ఆ పెచ్చు మందం కాగితమంత. అయినా ఆ కాగితమంత పెచ్చు మీద రిమ్ము ఒక పక్కకు ఎత్తుగా కూర్చుంది. వైరు బ్రష్షుతో హబ్బు ముఖాన్ని లోహం మెరిసేదాకా గీకి, రింగు వేసి, రిమ్మును రెండు చేతులతో లోపలికి నెట్టినప్పుడు అది "టక్" మని కూర్చున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినిపించకుండా బిగించిన చక్రం మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉండదు.

మా బావమరిది విషయంలో ఇవన్నీ సవ్యంగానే ఉన్నాయి. పీసీడీ ఒకటే, నడిమి రంధ్రం ఒకటే, స్టడ్డు మందం ఒకటే, నట్టు ఆకారం ఒకటే. అందుకే అతనికి అనుమానం రాలేదు. అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

రిమ్ము వెడల్పు ఎంత, అది హబ్బు నుంచి ఎంత లోపలికి, ఎంత బయటికి ఉంటుంది అన్నది మూడో సంగతి. రిమ్ము హబ్బుకు ఆనే ముఖం, రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే కొలతను ఆఫ్‌సెట్ అంటారు. రిమ్ము వెనక "ఈటీ" అనే అక్షరాల పక్కన ఉండే అంకె ఇదే. ఆ అక్షరాలు జర్మన్ మాట నుంచి వచ్చినవి. మోడల్ 3 పద్దెనిమిది అంగుళాల రిమ్ము వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 40. మొదటి తరం మోడల్ వై పంతొమ్మిది అంగుళాల రిమ్ము వెడల్పు తొమ్మిదిన్నర, ఆఫ్‌సెట్ 45. వెడల్పులో సగాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి, ఆఫ్‌సెట్ కలిపితే హబ్బు ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు ఎంత దూరమో తెలుస్తుంది, తీసివేస్తే బయటి అంచు ఎంత దూరమో తెలుస్తుంది. మోడల్ 3 రిమ్ముకు లోపలి అంచు దాదాపు 148 మిల్లీమీటర్లు, బయటి అంచు 68. మోడల్ వై రిమ్ముకు లోపల 165.7, బయట 75.7. అంటే వై రిమ్మును తీసుకెళ్ళి మోడల్ 3కి వేస్తే సస్పెన్షన్ వైపు దాదాపు 18 మిల్లీమీటర్లు, మడ్‌గార్డు వైపు దాదాపు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు దేనికి రాసుకుంటుందో చూడకుండా ఆ పని చేయకూడదు. మా వాడిది దీనికి తలకిందులు. 3 రిమ్ము వైకి వేస్తే రెండు వైపులా జాగా పెరుగుతుంది కనుక ఆ భయం అతనికి లేదు.

ఆఫ్‌సెట్ గురించి మాట్లాడుతున్నాను కనుక అడాప్టర్ల మాట కూడా చెప్పాలి. మోడల్ ఎస్ రిమ్మును మోడల్ 3కి వేయడానికి 120 నుంచి 114.3కు మార్చే అల్యూమినియం పళ్ళేలు అమ్ముతారు. వాటిలో ఒకటి 25 మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి. మోడల్ ఎస్ పంతొమ్మిది అంగుళాల రిమ్ము ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 40. పళ్ళెం వేయగానే ఆఫ్‌సెట్ 15కి పడిపోతుంది, బయటి అంచు 86.6 మిల్లీమీటర్లకు వస్తుంది. అసలు రిమ్ముది 68. దాదాపు 19 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చిన ఆ చక్రం హబ్ బేరింగును పక్కకు వంచే బలాన్ని పెంచుతుంది. పైగా ఐదు నట్ల చోట పది నట్లు అయ్యాయి, వాటిలో ఐదు చక్రం వెనక దాక్కుని ఉన్నాయి, అవి వదులయ్యాయో లేదో చక్రం విప్పితే తప్ప తెలియదు. తక్కువ ధరకు రిమ్ములు దొరికాయన్న సంతోషంలో ఈ పళ్ళేల జోలికి వెళ్ళకండని నా మనవి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన రెండు సంగతులకు వస్తాను.

మొదటిది మొత్తం చక్రం ఎత్తు. టైరు పక్కన రాసి ఉన్న అంకెల్లోనే లెక్కంతా ఉంది. 235/45ఆర్18 అంటే టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 105.75 మిల్లీమీటర్లు. పైనొకటి కిందొకటి కనుక దాన్ని రెట్టింపు చేసి, పద్దెనిమిది అంగుళాల రిమ్ముకు 457.2 కలిపితే మొత్తం 668.7 మిల్లీమీటర్లు. మోడల్ వై అసలు టైరు 255/45ఆర్19, ఇదే లెక్కన దాని ఎత్తు 712.1. తేడా 43 మిల్లీమీటర్లు, ఆరు శాతం. ఎత్తు 712 అన్న లెక్కతో నడిచే కారుకు 669 చక్రం వేస్తే, తెర మీద అరవై మైళ్ళు చూపించేటప్పుడు బండి నిజంగా పోతున్నది యాభై ఆరు మైళ్ళే. ఒక మైలుకు 719 సార్లు తిరగాల్సిన చక్రం 766 సార్లు తిరుగుతుంది. కారు అడుగుభాగం దాదాపు 22 మిల్లీమీటర్లు నేలకు దగ్గరవుతుంది. పెట్రోలు కారులో అడుగున గొట్టాలుంటాయి, విద్యుత్ కారులో అడుగంతా పరిచి ఉండేది బ్యాటరీ. గడ్డకట్టిన మంచు కుప్పల మీదుగా నడిపే ఈ ఊళ్ళో ఆ 22 మిల్లీమీటర్లు కోల్పోవడం నాకు ఇష్టం లేదు. కొందరు ఇద్దరి దగ్గర రెండేసి చక్రాలు దొరికాయని ముందు ఒక ఎత్తువి, వెనక మరో ఎత్తువి వేస్తామంటారు. అలా చేస్తే చక్రాల వేగాలను నిరంతరం పోల్చి చూసుకునే జారుడు నియంత్రణ వ్యవస్థకు, జారకపోయినా చక్రం జారుతున్నట్టే కనిపిస్తుంది.

రెండోది బరువు. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే విద్యుత్ కార్ల విషయంలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. టైరు కొలత పక్కన ఉండే రెండంకెల లేదా మూడంకెల సంఖ్యను లోడ్ ఇండెక్స్ అంటారు. నా పాత చక్రాల మీద ఉన్నది 98. అంటే సరైన గాలితో ఒక్కో టైరు 750 కిలోలు మోయగలదు. మోడల్ వై అసలు టైరు మీద ఉన్నది 104. అంటే 900 కిలోలు. ఒక్కో మూలలో 150 కిలోలు తగ్గిపోయాయి.

మా బావమరిది వాదన ఇలా ఉంది. "బావా, కారు రెండు టన్నులు, మనుషులు సామానుతో కలిపి రెండున్నర అనుకుందాం. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 625 కిలోలు. 750 మోసే టైరుకు అది ఎక్కువా?" వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. కానీ బరువు నాలుగు చక్రాల మీద సమంగా పడేది కారు చదునైన నేల మీద కదలకుండా నిలబడినప్పుడు కూడా కాదు. వెనక సీటులో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెడితే వెనక ఇరుసు మీద ఎక్కువ పడుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలుతుంది. హైవే నుంచి దిగే మలుపులో బయటి వైపు రెండు చక్రాలే ఎక్కువ భాగం మోస్తాయి. ఆ మలుపులోనే ఒక గుంత తగిలితే క్షణంపాటు ఒక్క చక్రం మీద పడే బలం ఎంతో ఊహించండి. మన రోడ్లు చలికాలంలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఎలా పగులుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కారును రూపొందించినవారు 104 అని రాసింది ఇవన్నీ లెక్కలో పెట్టుకునే. డ్రైవరు తలుపు తెరవగానే పక్క స్తంభం మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. టైరు కొలత, గాలి పీడనం, ఒక్కో ఇరుసు మోయగల బరువు దాని మీద ఉంటాయి. మరో కారు చక్రం కొనబోయే ముందు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

టైరుకే కాదు, రిమ్ముకు కూడా మోయగల బరువు అంటూ ఒకటి ఉంటుంది. చాలా రిమ్ముల వెనక దాన్ని అచ్చువేసి ఉంచుతారు. నేను ఊరి నుంచి రాగానే చేసిన మొదటి పని ఆ అంకె వెతకడమే. నిజానికి టైర్లు మార్చి ఆ రిమ్ములు వాడుకోవచ్చేమో అని నాకూ ఒక ఆలోచన ఉంది. 255/50ఆర్18 టైరు వేస్తే మొత్తం ఎత్తు 712.2 వస్తుంది. మోడల్ వై అసలు ఎత్తుకు, దీనికి తేడా వెంట్రుకంత. లోడ్ ఇండెక్స్ 104కు తగ్గనిది ఎంచుకుంటే టైరు వైపు నుంచి అభ్యంతరం ఉండదు. మిగిలినవి రెండే, బ్రేకు పళ్ళేన్ని ఒత్తిపట్టే క్యాలిపర్‌కు రిమ్ము లోపలి గోడకు మధ్య జాగా, రిమ్ము బరువు సామర్థ్యం. జాగా సంగతి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, టార్చి వేసి చూసుకోవచ్చు. కానీ రిమ్ము వెనక ఎంత వెతికినా బరువు అంకె నాకు కనబడలేదు. మట్టి కడిగి, గుడ్డతో తుడిచి, ఐదు ఆకుల వెనకా వేలితో తడిమి చూశాను. కొలత ఉంది, ఆఫ్‌సెట్ ఉంది, బరువు లేదు. ఆ కారులో వెనక సీటులో కూర్చునేది మా అత్తగారు, మామగారు, మధ్యలో మా మేనకోడలు. కనబడని అంకె మీద వాళ్ళను కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఆలోచనను అక్కడితో విరమించుకున్నాం.

మరో చిన్న సంగతి, గాలి పీడనాన్ని చెప్పే సెన్సర్లు. 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన ట్రెడ్ చట్టం వల్ల 2007 సెప్టెంబరు తర్వాత తయారైన ప్రతి కారులోనూ టైర్ల గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఉండి తీరాలి. నా 2019 చక్రాల్లోని సెన్సర్లు 433 మెగాహెర్ట్‌జ్ రేడియో మీద మాట్లాడేవి. 2021 నుంచి టెస్లా కార్లు బ్లూటూత్ సెన్సర్లకు మారాయి. 2022 కారు ఆ పాత సెన్సర్ల మాట వినదు. మా బావమరిది కారులో పసుపు దీపం ఒక నిమిషంపాటు మిణుకుమని, ఆపైన ఆరకుండా వెలుగుతూనే ఉంది. వారంపాటు అతను దాన్ని చలికి అలా వస్తోందేమో అనుకున్నాడు. చలికి గాలి తగ్గడం నిజమే, కానీ అలా ముందు మిణుకుమని తర్వాత నిలిచిపోతే సెన్సరే పలకడం లేదని అర్థం. ఆ దీపాన్ని అలవాటు చేసుకుంటే, నిజంగా గాలి దిగిన రోజున చెప్పేవాళ్ళుండరు.

అందం కోసం పెద్ద చక్రాలు వేయాలనుకునేవారికి ఒక్క మాట. 2022 మోడల్ ఎస్ ప్లాడ్‌కు అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన ప్రయాణ దూరం పంతొమ్మిది అంగుళాల చక్రాలతో 396 మైళ్ళు, ఇరవై ఒక్క అంగుళాల చక్రాలతో 348. బ్యాటరీ అదే, మోటార్లు అవే, 48 మైళ్ళు మాత్రం పోయాయి.

హైదరాబాదు, విజయవాడల నుంచి కూడా బంధువులు ఇదే అడుగుతుంటారు కనుక చెబుతున్నాను. కొలిచే పద్ధతి ఎక్కడైనా ఇదే. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. కారు కొన్న మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే కొలతకు మారడం వేరు, షాపువాడు "పట్టేస్తుంది సార్" అన్న కొలతకు మారడం వేరు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటని మరవకండి.

చివరికి మేం చేసింది చెబుతాను. నా పాత సెట్టును మోడల్ 3 ఉన్న ఒక తెలుగు విద్యార్థికి ఇచ్చేశాను. వాటి అసలు చోటు అదే కనుక అక్కడ అవి నిక్షేపంగా నడుస్తున్నాయి. మా బావమరిదికి మరో మోడల్ వై యజమాని విప్పేసిన పంతొమ్మిది అంగుళాల రిమ్ములు దొరికాయి. వాటికి 255/45ఆర్19, లోడ్ ఇండెక్స్ 104 మంచు టైర్లు, బ్లూటూత్ సెన్సర్లు వేయించాడు. ఒక ఆదివారం ఉదయం ఇద్దరం కలిసి వాళ్ళ డ్రైవ్‌వేలో బిగించాం. జాకీని కారు గుర్తుపెట్టిన నాలుగు చోట్లే ఆనించాం. ఇంచు పక్కకు జరిగినా అది బ్యాటరీ పెట్టె మీద ఆనుతుంది. హబ్బు ముఖాలు నాలుగూ అతని చేతే గీకించాను. చక్రం నెట్టగానే "టక్" మన్నప్పుడు అతను నా వైపు చూసి నవ్వాడు. నట్లు ముందు వేళ్ళతో, తర్వాత ఒకటి విడిచి ఒకటిగా, నక్షత్రం గీసినట్టు బిగించి, చక్రం నేలకు దించాక టార్క్ రెంచ్‌ను 175 న్యూటన్ మీటర్లకు, అంటే 129 ఫుట్ పౌండ్లకు పెట్టి ఒక్కోటి "క్లిక్" మనేదాకా తిప్పాం. తెర మీద సర్వీసు మెనూలోకి వెళ్ళి చక్రాల రకం సరిచూశాం. పసుపు దీపం ఆరిపోయింది.

యాభై మైళ్ళు తిరిగాక మళ్ళీ రమ్మన్నాను. తర్వాతి ఆదివారం వచ్చాడు. ఇరవై నట్లలో పంతొమ్మిది కదలకుండానే క్లిక్ మన్నాయి. వెనక కుడి చక్రంలో ఒక నట్టు మాత్రం వేలెడంత దూరం తిరిగి, అప్పుడు క్లిక్ మంది.

నమస్కారం.